బఫర్ 500 మీటర్లు కావాలంటే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ డిగ్రీలు చూపిస్తోంది

ప్రశ్న:
బోరుబావుల జీపీఎస్ పాయింట్లు షేప్‌ఫైల్ (మ్యాప్ డేటా ఫైలు)లో ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ 500 మీటర్ల బఫర్ (వలయం) గీసి, మొత్తం విస్తీర్ణం లెక్కగట్టాలి. యూనిట్ డిగ్రీలనే వస్తోంది. 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్'లో (సీఆర్‌ఎస్ అంటే అంకెల్ని భూమ్మీద చోటుతో ముడిపెట్టే పద్ధతి) మీటర్లలో కొలిచే యూటీఎమ్ పెడితే మీటర్లు వచ్చాయి గానీ పాయింట్లు మాయమయ్యాయి. పొరపాటెక్కడ?

జవాబు 1:
మాయం కాలేదండీ, భూమధ్యరేఖ దగ్గరికి పోయాయి. సెట్ లేయర్ సీఆర్‌ఎస్ అంకెల్ని ముట్టుకోదు, వాటికి అంటించిన చీటీని మారుస్తుంది, అంతే. రేఖాంశం 20.4, అక్షాంశం 45.1 అనుకోండి. యూటీఎమ్ చీటీ తగిలించగానే అవే 20.4 మీటర్లు, 45.1 మీటర్లు అయిపోతాయి. బావులన్నీ ఒకే చుక్కలో ఇరుక్కుంటాయి.

ముందు చీటీని ఈపీఎస్‌జీ 4326కి (జీపీఎస్ వాడే డిగ్రీల సీఆర్‌ఎస్ కోడ్) తిప్పేయండి. తర్వాత ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో 'రీప్రొజెక్ట్ లేయర్' నడపండి, ఇది అంకెల్నే మీటర్లలోకి మార్చి కొత్త లేయర్ ఇస్తుంది. అందులో ఇవ్వాల్సిన యూటీఎమ్ జోన్ కోసం రేఖాంశానికి 180 కలిపి 6తో భాగించి, దశాంశాలు వదిలేసి 1 కలపాలి. 20.4కి 34 వస్తుంది. ఉత్తరార్ధగోళమైతే ఈపీఎస్‌జీ కోడ్ 32634, దక్షిణమైతే 32734. బఫర్ ఈ కొత్త లేయర్ మీదే.

జవాబు 2:
మీటర్లు కనిపిస్తున్నాయి కదా అని ఈపీఎస్‌జీ 3857 (వెబ్ మ్యాపుల సీఆర్‌ఎస్) మాత్రం వాడకండి. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో గీసిన 500 మీటర్లు నేల మీద సుమారు 350 మీటర్లే. విస్తీర్ణమైతే ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది.

జవాబు 3:
విస్తీర్ణం కావాలన్నారు కాబట్టి బఫర్ టూల్‌లో వలయాల్ని ఒకటిగా కలిపే 'డిజాల్వ్' టిక్ పెట్టండి. లేకపోతే వలయాలు ఒకదానిమీదొకటి పడ్డ చోటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. సెగ్మెంట్లు (పావు వలయానికి ఎన్ని గీతలో) కూడా చూసుకోండి. డిఫాల్ట్ 5 అంటే మీ వలయం నిజానికి 20 భుజాల బొమ్మ, విస్తీర్ణం 1.6 శాతం తగ్గుతుంది. 25 పెడితే తేడా 0.1 శాతం లోపే.

ప్రశ్న అడిగినవారు:
పాయింట్లు సరిగ్గా కూర్చున్నాయి, థాంక్సండీ. హద్దుల లేయర్‌కి పీఆర్‌జే ఫైలే (సీఆర్‌ఎస్ రాసి ఉండేది) లేదు. దాన్నీ రీప్రొజెక్ట్ చేయాలా?

జవాబు 1:
దానికి ముందు సెట్ లేయర్ సీఆర్‌ఎస్సే కావాలి. ఏ సీఆర్‌ఎస్సో ఫైలు ఇచ్చినవాళ్లని అడగడం మేలు. ప్రాపర్టీస్‌లో ఎక్స్‌టెంట్ (లేయర్ అంచుల అంకెలు) చూడండి: అంకెలు 180 లోపుంటే డిగ్రీలు, ఆరేడు అంకెల సంఖ్యలైతే దాదాపుగా మీటర్లే. చీటీ పెట్టాక బేస్‌మ్యాప్ (అడుగున పరిచే మ్యాప్) మీద ఒక రోడ్డు కూడలితో సరిపోల్చండి. వంద, రెండొందల మీటర్లు అన్నిచోట్లా ఒకే వైపు జరిగి ఉంటే డేటమ్ (కొలతలకు ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) తేడా అయి ఉంటుంది. చేత్తో జరిపి సరిచేయొద్దు.