మందస–బారువ మోడల్: ఇసుక నేలకు పెస్ట్ బంకమట్టి విలువ ఇస్తోంది

నేలనుయ్యి
అందరికీ నమస్కారం. పడమర మందస కొండల నుంచి తూర్పున బారువ సముద్రం దాకా, మధ్యలో మహేంద్రతనయ నదితో, నేల కింద నీరు ఎలా పారుతుందో లెక్కకట్టే మోడ్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌లో రెండు పొరల మోడల్ వేశాను. పైన ఇసుక, శిథిల రాయి. కింద పగుళ్ల రాయి. మేలో కొలిచిన 19 నూతుల మట్టాలతో సరిచూస్తుంటే తేడా 2.3 మీటర్ల కిందికి దిగట్లేదు. జీడి తోటల్లోని ఆరు నూతుల దగ్గర మోడల్ మట్టం కొలత కన్నా ఎప్పుడూ తక్కువే. వాటిని పైకి లేపడానికి పెస్ట్ (మోడల్ అంకెలను కొలతలకు తగ్గట్టు తానే సర్దే ప్రోగ్రాం) కే విలువను, అంటే నేల నీటిని ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే అంకెను, నేనిచ్చిన కింది హద్దు దాకా నొక్కేస్తోంది. అక్కడ తవ్వితే చేతిలోంచి జారిపోయే ఇసుక. హద్దులు ఇంకా సడలించాలా?

చంపావతి
హద్దుల జోలికి ఇప్పుడే వెళ్లకండి. నీటి లోతు మీరే కొలిచారు, సరే. నూతి దగ్గర నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తో ఎక్కడి నుంచి తీశారు?

నేలనుయ్యి
ఎస్‌ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల మ్యాపు నుంచి మేడమ్.

చంపావతి
తేడా అక్కడే మొదలైందనుకుంటాను. అది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసింది. దట్టమైన తోట ఉన్నచోట రాడార్ నేల దాకా దిగదు, కొమ్మల్లోంచే తిరిగొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన ఉద్దానం కొబ్బరి చెట్లు ఆ మ్యాపులో ఇంకా నిలబడే ఉన్నాయి. నేల ఎత్తు ఎక్కువగా చూపిస్తే, అందులోంచి లోతు తీసేసిన మీ "కొలత" కూడా ఎక్కువే అవుతుంది. పెస్ట్ ఆ లేని నీటిని నిలబెట్టడానికి ఇసుకను బంకమట్టి చేస్తోంది.

డీజీపీఎస్ (ఎత్తును కచ్చితంగా కొలిచే జీపీఎస్) దొరికితే ఆ ఆరు నూతుల దగ్గరా పెట్టండి. దొరక్కపోతే దగ్గరి బెంచ్‌మార్కు (ఎత్తు ముందే తేల్చిన గుర్తు) నుంచి లెవెల్ మోసుకు రండి. టేపు ఎక్కడ ఆనించి చదివారో కూడా అడగండి. గజపతినగరం వైపు మాకు ఒక నూతిలో 70 సెంటీమీటర్లు తేడా వచ్చేది. కుర్రాడు పై వర అంచు నుంచి కొలిచి, "నేల నుంచి" అని రాశాడు. ఆ అంచు మీద ఎర్ర రంగుతో గీత పెట్టించాక గానీ కుదరలేదు.

ఊటగెడ్డ
ఏ వేళ కొలిచారన్నదీ చూడు తమ్ముడూ. వ్యవసాయానికి పగలు 9 గంటల కరెంటు. ఆ వేళలో వెళ్తే నువ్వు చదివేది మోటారు లాగేసిన మట్టం. నేను చీకటితో బయల్దేరి కరెంటు రాకముందే కొలుస్తాను. స్టీలు టేపు చివరి మీటరుకు సుద్ద రాసి దింపితే తడిసినంత మేరా రంగు ముదురుతుంది, గీత గీసినట్టు కనిపిస్తుంది. పది నిమిషాలాగి మళ్లీ దింపుతాను. నీరు ఇంకా లేస్తూ ఉంటే ఆ రోజు ఆ నుయ్యి నోటుబుక్కులోకి ఎక్కదు.

వంశధార_గట్టు
పై ఇద్దరూ చెప్పినవి చేశాక తేడా దిగుతుంది. అప్పుడే జాగ్రత్త పడాలి. నా మోడల్ 0.4 మీటర్లకు వచ్చింది, ఎంతో సంతోషపడ్డాను. మా గైడు గారు రీఛార్జిని (నేలలోకి ఇంకే నీటిని), అన్ని కే విలువలనూ రెట్టింపు చేసి నడపమన్నారు. మట్టాలు దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి! నిలకడ స్థితిలో, అంటే మట్టాలు కాలంతో మారవనుకున్నప్పుడు, నూతుల మట్టం చెప్పేది ఆ రెండింటి నిష్పత్తినే. వాననీరు ఎంత ఇంకుతోందో అది ఒక్కటీ చెప్పలేదు, కానీ ఊరికి ఎన్ని బోర్లు తట్టుకుంటాయో తేలేది అక్కడే.

దానికి పారే నీటిని కొలవాలి. వానలు వెనకబట్టాక, జనవరి–మార్చిలో గెడ్డలో పారేదంతా దాదాపు ఊటే. 90 డిగ్రీల వి-నాచ్ (వి ఆకారపు గాడి) ఉన్న రేకు అడ్డంగా పెట్టాం. నాచ్ మొన మీద నీరు 10 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, అంటే రోజుకు 3.8 లక్షలు. 20 ఉంటే దాదాపు 25 లీటర్లు. కాబట్టి ఎత్తు చదవడంలో అర సెంటీమీటరు కూడా వదలకూడదు. ఆ ఒక్క ప్రవాహం అంకె పెస్ట్‌కిచ్చాక రీఛార్జి, కే విడివిడిగా నిలబడ్డాయి.

చంపావతి
ఇంకో మాట. మేలో మట్టం దిగుతూనే ఉంటుంది, దాన్ని నిలకడ అనుకోవద్దు. నవంబరు కొలతలు కూడా తెచ్చి కాలంతో మారే మోడల్ నడపండి. స్పెసిఫిక్ ఈల్డ్ (మట్టం దిగినప్పుడు నేల వదిలే నీటి శాతం) దగ్గర మన ఖోండలైట్ రాయితో జాగ్రత్త, శిథిలమైతే సుద్దమట్టి అవుతుంది. శిథిలమైన గ్రానైట్, నైస్ రాళ్లకే జీఈసీ (భూగర్భజల అంచనా కమిటీ) పద్ధతిలో బంక తక్కువుంటే 3 శాతం, ఎక్కువుంటే 1.5.

నేలనుయ్యి
మూడు వారాలకు వస్తున్నాను. ఆరు నూతులకూ లెవెల్ పట్టుకెళ్లాం. అయిదింట్లో నేల ఎత్తు మ్యాపు కన్నా 3 నుంచి 5 మీటర్లు తక్కువ! సరిచేయగానే కే హద్దు వదిలి ఇసుక విలువల్లోకి వచ్చేసింది. ఆరోదే ఇంకా 1.8 మీటర్లు తేడా. ఆ రైతు మమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్లి పైనున్న చెరువు చూపించారు. "ఇందులో నీళ్లున్నన్నాళ్లూ నా నుయ్యి దిగదు బాబూ" అన్నారు. ఆ చెరువు నా మోడల్లో లేనే లేదు. ఇప్పుడు వేస్తున్నాను.

గెడ్డకు రేకు కూడా చేయిస్తున్నాం. మందం ఎంతుండాలి అన్నా?

వంశధార_గట్టు
3 మిల్లీమీటర్ల ఇనప రేకు చాలు. నాచ్ అంచును దిగువ వైపు ఏటవాలుగా అరగదీయించు, ఎగువ వైపు పదునుగా ఉండాలి. నీరు రేకుకు అంటుకుని జారకుండా ఎగిరి పడాలి. ఎత్తు చదివే కర్రను రేకు దగ్గర పాతొద్దు, అక్కడ నీరు వంగి దిగుతుంది. నాచ్ మీద నీరు ఎంత ఎత్తుంటే దానికి కనీసం నాలుగు రెట్లు ఎగువన పాతు. పక్కల్లోంచి కారకుండా బంకమట్టి బాగా తొక్కించు.