ఒక్కటీ ఓడకుండా స్టేట్ ఛాంపియన్ కావడం అంత అరుదా?

ప్రశ్న: మావాడు టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) ఆడుతున్నాడు, లైన్‌మన్ (ముందువరసలో ప్రత్యర్థులతో తలపడే ఆటగాడు). జట్టు ఇంతవరకు ఓడలేదు. కోచ్ మాత్రం ఆ మాటే ఎత్తనివ్వడట! చివరిదాకా ఇలాగే సాగుతుందంటారా?

జవాబు 1: కష్టమేనండీ. రెగ్యులర్ సీజన్లో 10 మ్యాచ్‌లు, పెద్ద డివిజన్లలో ఆపైన 6 రౌండ్ల ప్లేఆఫ్స్. అక్కడ ఒక్కటి ఓడితే ఇంటికే. డిసెంబరుకి సగంమంది కట్లతో ఉంటారు. అప్పుడు బెంచ్ మీది పిల్లలే దిక్కు.

జవాబు 2: కాలిఫోర్నియాలో డి లా సాల్ హైస్కూల్ జట్టు 1992 నుంచి వరసగా 151 గెలిచింది. 2004లో సియాటిల్‌లో బెల్‌వ్యూ జట్టు 39-20తో ఆపింది. సాధ్యమే, కానీ అలాంటివాళ్లు ఎందరు?

ప్రశ్న అడిగినవారు: 151నా! వాడు హాయిగా నిద్రపోతున్నాడు, టెన్షనంతా నాకే.