వెనక చక్రం బ్రేక్ పైపు లీకవుతోంది, ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: చెన్నై తిరువాన్మియూరులో ఉంటాం, సముద్రపు గాలికి కారు అడుగంతా తుప్పు. పెడల్ మెత్తగా దిగుతోందని కింద చూస్తే వెనక ఎడమ చక్రానికి వెళ్లే ఇనుప పైపు తడిగా ఉంది. మెకానిక్ ఆ ముక్క కోసి జాయింట్ వేస్తానంటున్నాడు. నేనే మార్చుకోవచ్చా?

జవాబు: ముందు కారు కదపకండి అన్నా, పక్క వీధికి కూడా వద్దు. బిగించే జాయింట్ నీళ్ల పైపులకు సరిపోతుంది కానీ బ్రేక్ ప్రెషర్‌కి ఊడొచ్చే ప్రమాదం ఉంది, ఒప్పుకోకండి. పైపు ఒకచోట చిల్లు పడిందంటే మిగతాది కూడా పాడైనట్టే, మొత్తం మార్చండి.

ఛాసిస్ నంబర్ చెప్పి కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో అడగండి, వంపులతో, చివర్లు తయారై ఉన్న పైపు దొరికితే సగం పని అయిపోయినట్టే. పుదుపేట పాత స్పేర్ల బజారులో పాత కారు నుంచి తీసిన పైపు మాత్రం వద్దు. దొరక్కపోతే మీరే పైపు చివర్లు ఫ్లేర్ చేయాలి, అంటే నట్టు పట్టేలా అంచు వెడల్పు చేయాలి, అసలు పనంతా అక్కడే. పైపు కట్టర్‌తో అడ్డంగా, వంకర లేకుండా కోసి, లోపలి గరుకు తీసి, నట్టు ముందే ఎక్కించి, అప్పుడు ఫ్లేర్ చేయండి. పాత పైపు చివర చూడండి, లోపలికి మడిచిన గరాటులా ఉంటే డబుల్ ఫ్లేర్, గుండ్రంగా ఉబ్బి ఉంటే బబుల్. ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఎంత బిగించినా కారుతుంది. చిన్న పగులు కనబడినా కోసి మళ్లీ చేయండి.

ప్రశ్న: ఏసీ షాపులో రాగి పైపు ఉంది, ఫ్లేర్ కూడా వాళ్లే చేస్తామన్నారు. వేయొచ్చా?

జవాబు: వద్దు! ఉత్త రాగి అదుర్లకి గట్టిపడి పగులుతుంది, పైగా వాళ్లు చేసేది సింగిల్ ఫ్లేర్. తుప్పు భయం ఉంటే రాగి-నికెల్ మిశ్రమం పైపు అడగండి, వంచడం కూడా తేలిక.

ఇంకో మాట, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. నట్లకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్‌తోనే తిప్పండి, మామూలు స్పానర్‌కి నట్టు మూలలు అరిగిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ప్రశ్న: బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయడం ఎలా? ఇంట్లో తమ్ముడు ఉన్నాడు.

జవాబు: కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన గ్రేడ్ ఆయిలే, కొత్త సీసాది పోయండి, తెరిచి ఉంచినది గాలిలో తేమ పీల్చేస్తుంది. తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకుంటే మీరు చక్రం దగ్గరుండే నిపుల్ (గాలి వదిలే చిన్న స్క్రూ) వదులు చేయాలి, బిగించాకే తను కాలు తీయాలి, బుడగలు ఆగేదాకా ఇదే. మధ్యమధ్య డబ్బాలో ఆయిల్ చూస్తుండండి, అడుగంటితే మళ్లీ గాలి దూరుతుంది. అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కించి, ప్రతి జాయింట్‌నీ పొడి టిష్యూతో తుడిచి చూడండి. అంతా పొడిగా ఉన్నా పెడల్ ఇంకా మెత్తగానే ఉంటే ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) బ్లాకులో గాలి చిక్కుకుని ఉండొచ్చు, దానికి స్కానర్ కావాలి, అప్పుడు నడిపి తీసుకెళ్లకుండా టోయింగ్ బండి పిలవండి.