జర్మనీ కార్ల ప్రకటనల్లో లిముజీనె, కోంబీ, వాన్: మన లెక్కలో ఇవి ఏవి?

నెకార్ తీరం (ప్రశ్న)
ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారు వెతుకుతున్నాం. మేమిద్దరం, చైల్డ్ సీట్లలో కూర్చునే పిల్లలిద్దరు, అత్తయ్యగారు: మొత్తం ఐదుగురం. స్ట్రోలర్ డిక్కీలో పట్టాలి. ప్రకటనల సైటులో బాడీ టైపు ఫిల్టరు తెరిస్తే క్లైన్‌వాగెన్, లిముజీనె, కోంబీ, వాన్/క్లైన్‌బుస్ అని ఉన్నాయి గానీ హ్యాచ్‌బ్యాక్ అనేదే లేదు. హ్యాచ్‌బ్యాక్ అయిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కూడా లిముజీనె కింద వస్తోంది. ఆస్ట్రా క్యారవాన్ అని ఇంకోటి కనిపించింది, అది పడకలుండే బండా? ఏ ఫిల్టరు పెట్టాలో, కాగితాల్లో ఏం చూడాలో చెప్పగలరా?

పాత స్పానర్
లిముజీనె అంటే అక్కడ కదలని పైకప్పున్న మామూలు కారు. సెడాన్లన్నీ దీని కిందికే వస్తాయి, హ్యాచ్‌బ్యాక్‌లు కూడా చాలాసార్లు ఇందులోనే పెడతారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పొడుగు బండిని ష్ట్రెచ్‌లిముజీనె అంటారు. తలుపుల ఫిల్టరుతో వేరుచేద్దామన్నా కుదరదు, 4/5 అని రెండిటినీ ఒకే గడిలో కలిపేశారు. ప్రకటన వివరాల్లో ష్టూఫెన్‌హెక్ అని ఉంటే డిక్కీ విడిగా పొడుచుకొచ్చిన సెడాన్. ష్రేగ్‌హెక్ లేదా ఫ్లీస్‌హెక్ అని ఉంటే వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. ఆక్టేవియా దూరం నుంచి సెడాన్‌లాగే ఉంటుంది కానీ రెండో రకమే. మడతపెట్టని స్ట్రోలర్ ఎక్కించాలంటే ఈ తేడా చాలా ముఖ్యం.

మీకు కావలసింది బహుశా కోంబీ. మన దగ్గర ఇండిగో మెరీనా, బలెనో ఆల్టూరా వచ్చాయి గుర్తుందా, పైకప్పు డిక్కీ చివరిదాకా సాగే ఆ ఆకారం. మన దేశంలో నిలదొక్కుకోలేదు గానీ అక్కడ కుటుంబాలు ఎక్కువగా వాడే బండి ఇదే. చిక్కేమిటంటే ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: ఫోక్స్‌వాగన్‌లో వేరియంట్, ఆడీలో అవాంట్, బీఎండబ్ల్యూలో టూరింగ్, మెర్సిడెస్‌లో టీ-మోడల్, ఫోర్డ్‌లో టుర్నియర్, ప్యూజోలో ఎస్‌డబ్ల్యూ. ఒపెల్ వాళ్లు పాత ఆస్ట్రాలకు క్యారవాన్ అనీ, తర్వాతి వాటికి స్పోర్ట్స్ టూరర్ అనీ పెట్టారు. కాబట్టి మీరు చూసింది కోంబీయే, పడకలేమీ ఉండవు. పడకలుండి తనంతట తాను నడిచేది వోన్‌మోబిల్, కారు వెనక తగిలించి లాగేది వోన్‌వాగెన్.

డిక్కీ తేడా అంకెల్లో: ఏడో తరం గోల్ఫ్ 380 లీటర్లు, అదే గోల్ఫ్ వేరియంట్ 605 లీటర్లు.

ఆర్సీ చదివేవాడు
ప్రకటనలో ఏ పేరున్నా అమ్మేవాళ్లు రాసిందే. త్సూలాసుంగ్స్‌బెషైనిగుంగ్ టైల్ 1, అంటే మన ఆర్సీలాంటి కాగితం, ఫొటో పంపమనండి. ఐరోపా యూనియన్ దేశాలన్నిటిలో ఈ గడుల గుర్తులు ఒకటే, భాష రాకపోయినా చదవొచ్చు.

జే గడిలో ఎం1 ఉండాలి: డ్రైవరు కాక ఎనిమిది సీట్లకు మించని ప్రయాణికుల బండి. ఎన్1 అని ఉంటే సరుకు బండి. చవగ్గా దొరికే వ్యాన్లలో ఇవి తగులుతాయి. వెనక సీట్లు పీకేసి ఎల్కేవేగా, అంటే లారీ కింద, రిజిస్టరు చేయించి ఉంటారు. పన్ను, ఇన్సూరెన్సు లెక్కలు మారిపోతాయి. మళ్లీ సీట్లు బిగించి పిల్లల్ని కూర్చోబెట్టాలంటే ముందు తనిఖీ చేయించి కాగితాలు మార్పించాలి.

ఎస్.1 సీట్ల సంఖ్య, డ్రైవరుతో కలిపి. బాడీ రకం అక్షరాల్లో ఏఏ సెడాన్, ఏబీ హ్యాచ్‌బ్యాక్, ఏసీ కోంబీ, ఏఎఫ్ బహుళ ప్రయోజన వాహనం.

ఎఫ్.1 గరిష్ఠ మొత్తం బరువు, జీ ఖాళీ బండి బరువు. ఈ జీలో 75 కిలోల డ్రైవరు, 90 శాతం నిండిన ట్యాంకు కలిసే ఉంటాయి. ఎఫ్.1 లోంచి జీ తీసేస్తే మిగిలేదే మనుషులకీ సామానుకీ. వోన్‌మోబిల్ అద్దెకు తీసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: 3,500లోంచి 2,950 పోతే 550 కిలోలు. నలుగురు మనుషులు, నీళ్ల ట్యాంకు, సైకిళ్లు చేరితే హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. మన ఎల్‌ఎంవీ 7,500 కిలోల దాకా. అక్కడి బీ తరగతి 3,500 దగ్గర ఆగిపోతుంది, ఆపైన 7,500 దాకా సీ1 కావాలి. భారతీయ లైసెన్సు అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి ఆరు నెలలే చెల్లుతుంది.

శ్రీసిటీ గేటు
మిగతా దేశాల్లో చుట్టాలను సలహా అడిగేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కోంబీని లండన్‌లో ఎస్టేట్ అంటారు, అమెరికాలో స్టేషన్ వ్యాగన్, ఫ్రాన్సులో బ్రేక్. సెడాన్‌ను బ్రిటన్‌లో సెలూన్ అంటారు. వెనక తొట్టి ఉన్న పికప్ ఆస్ట్రేలియాలో యూట్, దక్షిణాఫ్రికాలో బక్కీ. 1934లో ఫోర్డ్ ఆస్ట్రేలియా తెచ్చిన కూపే యుటిలిటీ నుంచి యూట్ అన్న మాట వచ్చింది. అప్పట్లో ముందు భాగం కారుదే, ఇప్పుడు హైలక్స్‌లాంటి వాటినీ అలాగే పిలుస్తున్నారు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ కూడా ఆ కోవలోదే. పార్టులు ఆర్డరిచ్చేటప్పుడు క్యాబిన్ రకం తప్పక చెప్పండి: ఆస్ట్రేలియాలో డ్యూయల్ క్యాబ్ అంటే అమెరికాలో క్రూ క్యాబ్. క్యాబిన్ మారితే తొట్టి పొడవు మారుతుంది, తొట్టి మీది కవరు సరిపోదు.

కాంపాక్ట్ ఎస్‌యూవీ దగ్గర మరీ జాగ్రత్త. మన దేశంలో 4,000 మి.మీ. లోపు బండ్లకు పన్ను తక్కువ కాబట్టి ఆ మాట వినగానే బ్రెజా, నెక్సాన్ గుర్తొస్తాయి. జర్మనీలో అదే మాటకు టిగువాన్, సుమారు నాలుగున్నర మీటర్లు. గ్యారేజీ పొడవు కొలిచాకే చూడండి.

పేరు ఒకచోట పుట్టి ఇంకోదానికి అంటుకోవడం మన దగ్గరా ఉన్నదే. డీసీఎం టయోటా అనే లారీల కంపెనీ పోయి ఇన్నేళ్లయినా మన పత్రికలకు ఏ మధ్యరకం లారీ అయినా డీసీఎం వ్యానే.

నెకార్ తీరం
చాలా థ్యాంక్సండీ. అయితే కోంబీ అని ఫిల్టరు పెట్టేస్తే సరిపోతుందా? అత్తయ్యగారు రెండు చైల్డ్ సీట్ల మధ్య కూర్చోవాలి.

పాత స్పానర్
అలాగైతే వాన్/క్లైన్‌బుస్, అంటే ఎత్తుగా ఉండే ఎంపీవీలు, మినీబస్సులు, కూడా కలిపి వెతకండి. గోల్ఫ్ స్థాయి కోంబీల్లో ఐసోఫిక్స్ కొక్కేలు (చైల్డ్ సీటును బండికి బిగించేవి) సాధారణంగా పక్క సీట్లకే ఉంటాయి. రెండు చైల్డ్ సీట్లు బిగించాక నడిమి చోటు పెద్దవాళ్లకు ఇరుకు, కింద గుబ్బ కాళ్లకు అడ్డం. ఫోక్స్‌వాగన్ వాళ్ల వాన్ టూరాన్‌లో రెండో వరుసలో మూడు విడి సీట్లు. మూడో వరుస లేపితే మాత్రం స్ట్రోలర్ పట్టదు, మీకు ఐదు సీట్లు చాలు కాబట్టి మడిచే ఉంచొచ్చు. అదే ఫిల్టరులో ఫోక్స్‌వాగన్ టీ6లాంటి పెద్దవీ వస్తాయి. వాటి ఎత్తు సుమారు 1.99 మీటర్లు, చాలా పార్కింగ్ గ్యారేజీల హద్దు 2 మీటర్లు. పైన క్యారియర్ ఉంటే లోపలికి పోదు. చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ చైల్డ్ సీట్లు రెండూ తీసుకెళ్లి, బిగించి, అత్తయ్యగారిని మధ్యలో కూర్చోబెట్టి, ఆవిడ బెల్టు తనంతట తాను పెట్టుకోగలరో లేదో చూడండి. రెండు సీట్ల నడుమ బెల్టు బకిల్ లోపలికి కూరుకుపోవడమే ఎక్కువగా వచ్చే ఇబ్బంది.