కియాంటీలో తెల్ల ద్రాక్ష: సంప్రదాయమా, కల్తీయా?

ద్రాక్షపాదు: ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఎర్ర వైన్ కియాంటీలో తెల్ల ద్రాక్ష కలపడమే అసలు పద్ధతి అని, ఆ వైన్‌కి ఏ ద్రాక్షలు కలపాలో చెప్పిన రికాసోలీ సూత్రమే దానికి సాక్ష్యమని ఇక్కడ ఒకరు తేల్చేశారు. అక్కడి వైన్ తయారీదారు బెత్తినో రికాసోలీ 1872లో రాసిన ఉత్తరం సరిగ్గా చదవండి. సువాసనకీ, సత్తువకీ సాంజోవేజే అనే ఎర్ర ద్రాక్ష. దాని కరకుదనం తగ్గించడానికి కనాయోలో అనే మరో ఎర్ర రకం. మాల్వాజియా అనే తెల్ల రకం రుచిని తేలిక చేయడానికి, అదీ రోజువారీ తాగే వైన్‌కి. ఏళ్ల తరబడి నిలవ పెట్టేదానికి అది లేకపోయినా ఫరవాలేదన్నాడు. ట్రెబ్బియానో అనే తెల్ల రకమైతే ఆయన మిశ్రమంలోనే లేదు!

పీపామూత: మరి 1967 నాటి డీఓసీ (ఏ ప్రాంతపు వైన్ ఎలా చేయాలో చెప్పే ఇటలీ చట్టబద్ధ గుర్తింపు) నియమం సంగతి? 10 నుంచి 30 శాతం తెల్ల ద్రాక్ష తప్పనిసరి. పాత తోటల్లో ఎరుపూ తెలుపూ కలిపే నాటేవారు, కలిపే కోసేవారు. దాన్ని కల్తీ అంటే టస్కనీ రైతులందర్నీ తప్పుపట్టినట్టే.

ద్రాక్షపాదు: నియమంలో ఉన్నంత మాత్రాన మంచి వైన్ అయిపోదండీ. ట్రెబ్బియానో విరగకాస్తుంది, రుచి మాత్రం చప్పన. 30 శాతం పడితే చారులో నీళ్లు కలిపినట్టే: రంగు వెలిసిపోతుంది, నోట్లో చిక్కదనం తగ్గుతుంది, వైన్ తొందరగా వాడిపోతుంది. అందుకే టస్కనీలోనే చేసే తిన్యానెల్లో అనే వైన్‌లో 1975 నుంచి తెల్ల ద్రాక్ష మానేశారు. 1977లో పూర్తిగా సాంజోవేజేతో చేసిన లె పెర్గోలె తోర్తె అనే వైన్ అయితే కియాంటీ పేరే వదులుకుని మామూలు టేబుల్ వైన్‌గా అమ్ముడుపోయింది.

తొక్కాగింజా: ఇద్దరూ మోతాదు దగ్గర తడబడుతున్నారు. సాంజోవేజేలో ఎసిలేటెడ్ ఆంథోసయనిన్లు (తొక్కలోని ఎర్ర రంగు పదార్థాల్లో ఎక్కువ నిలకడగా ఉండే రకం) చాలా తక్కువ కాబట్టి రంగు నిలకడగా ఉండదు. కొద్దిపాటి తెల్ల ద్రాక్షను ఎర్రదానితో ఒకే తొట్టిలో పులియబెడితే తొక్కల్లోని పదార్థాలు రంగు నిలవడానికి సాయపడొచ్చు. ఫ్రాన్సులోని కోత్ రోతీ ప్రాంతంలో సిరా అనే ఎర్ర ద్రాక్షతో వియొన్యే అనే తెల్లదాన్ని వేసేది ఇలాగే. విడిగా చేసిన తెల్ల వైన్ తర్వాత పోస్తే మిగిలేది పలచనే.

ఇక మెత్తదనమే కావాలంటే టస్కనీలో గొవెర్నో అనే పాత పద్ధతి ఉండనే ఉంది. కోతప్పుడు కొన్ని గుత్తులు పక్కన పెట్టి చాపల మీద ఆరబెడతారు. మొదటి పులియడం అయ్యాక, నవంబరు, డిసెంబరుల్లో వాటిని చిదిపి వైన్‌లో వేస్తారు. మళ్లీ నెమ్మదిగా పులుస్తుంది, మాలోలాక్టిక్ మార్పు (బాక్టీరియా ఘాటైన మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చడం) మొదలై పులుపు తగ్గుతుంది. గుత్తుల్లో ఒక్కటి బూజు పట్టినా వెనిగర్ వాసన వచ్చే ప్రమాదం ఉంది, అందుకే ఏరి పారేయాలి. గది మరీ చల్లగా ఉంటే పులియడం మధ్యలో ఆగి తీపి మిగులుతుంది. తొందరపడి సీసాకెత్తితే నాలుక మీద చిటపటలాడుతుంది.

పీపామూత: గొవెర్నో సంగతి ఒప్పుకుంటున్నా. కానీ తెల్ల ద్రాక్షను పూర్తిగా నిషేధించడం అతే.

ద్రాక్షపాదు: నిషేధం అంతటా లేదు. సీసా మీద నల్ల కోడిపుంజు గుర్తు ఉండే కియాంటీ క్లాసికోలోనే (కియాంటీ పాత నడిమి ప్రాంతపు వైన్) 2006 పంట నుంచి తెల్ల ద్రాక్ష కుదరదు, సాంజోవేజే కనీసం 80 శాతం ఉండాలి. మామూలు కియాంటీలో 70 శాతం చాలు, తెల్లవి 10 దాకా వేసుకోవచ్చు. మీ పక్షం వాళ్లకి ఆ సీసా ఇంకా దొరుకుతూనే ఉంది.