అణు విద్యుత్ కేంద్రానికే కరెంటు పోతే?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనున్న శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో వాదనలు తెగడం లేదు.

రియాక్టర్‌ను ఆపిన వెంటనే కూడా పూర్తి శక్తిలో సుమారు 6 శాతం వేడి పుడుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చే పంపులకు కరెంటు కావాలి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో భూకంపానికి గ్రిడ్ (బయటి నుంచి వచ్చే కరెంటు) పోయింది, సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగాయి. జనరేటర్లు ఎన్ని ఉన్నా అన్నీ పల్లంలోనే పెడితే ఏం లాభం! 1993లో మన ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో మంటలకు కేబుళ్లు కాలిపోతే, డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులే ఆదుకున్నాయి.

నా సందేహం: ఆ మిగులు వేడితో వచ్చే ఆవిరితోనే పంపులు తిప్పలేరా? ఫుకుషిమా రెండో యూనిట్‌లో అలాంటి పంపు దాదాపు మూడు రోజులు నడిచింది. మరి చివరికి ఎందుకు ఆగింది? బ్యాటరీలు అయిపోవడం వల్లనా, ఇంకేదైనా కారణమా? ఇలాంటి కేంద్రాల్లో పనిచేసినవారు దయచేసి వివరించండి.