శ్రీకాకుళంలో కార్పొరేటర్‌కి ఓటు వేసే రోజు ఎప్పుడొస్తుంది? వార్డుల గొడవ అంటే అసలేంటి?

అరసవల్లి_కుర్రోడు అడిగారు:

నాకు ముప్ఫై దాటాయి. ఎమ్మెల్యేకి వేశాను, ఎంపీకి వేశాను. మున్సిపల్ ఓటు మాత్రం ఇంతవరకూ వేయలేదు. బద్ధకించి కాదు, పెడితే కదా వేయడానికి! మా ఊళ్లో 2005లో గెలిచిన కౌన్సిల్ 2010లో దిగిపోయింది. అప్పుడు నేను ఇంటర్. 2014 మార్చిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, మాకు లేవు. 2015లో కార్పొరేషన్ చేశాం అన్నారు, ఏడు రోడ్ల జంక్షన్‌లో ఫ్లెక్సీలు కట్టారు. 2021 మార్చి 10న 12 కార్పొరేషన్లలో పోలింగ్ జరిగింది, అందులోనూ మేం లేం.

మా ఆవిడది పలాస. 2021లో, పెళ్లికి ముందు, అక్కడ కౌన్సిలర్‌కి ఓటేసింది. "మీది జిల్లా కేంద్రం అంటారు, మా పాటి కూడా లేదా" అని ఇప్పటికీ వేళాకోళం ఆడుతుంది. నా దగ్గర జవాబు లేదు.

ఎవర్ని అడిగినా "విలీన గ్రామాలు, కోర్టు కేసు, వార్డుల పునర్విభజన" అని మూడు ముక్కలు చెప్పి టీ తాగేసి వెళ్లిపోతారు. ఐదేళ్లకోసారి పెట్టాలని రూలు లేదా? వార్డు గీతకీ రిజర్వేషన్‌కీ ఏంటి సంబంధం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పార్టీల గోల వద్దు, దండం పెడతా.

పాత_టౌన్‌ప్లానింగ్ జవాబు:

బాబూ, నేను కోస్తాలో ఒక మున్సిపాలిటీలో పనిచేసి రిటైరయ్యాను. వార్డులు గీసే పని దగ్గర కూర్చున్నవాణ్ణి, కాబట్టి తెలిసింది చెప్తాను.

రూలు ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 243యు అధికరణం చెప్పేది ఇదే: పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. అహ్మదాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు ఆలస్యమైతే కిషన్‌సింగ్ తోమర్ అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. వార్డుల విభజన అవలేదనీ, జాబితాలు సిద్ధం కాలేదనీ వాయిదా వేయడం కుదరదని 2006లో కోర్టు చెప్పింది. ప్రభుత్వం సహకరించకపోతే ఎన్నికల సంఘమే కోర్టుకి వెళ్లవచ్చని కూడా అంది.

మరి ఎక్కడ ఆగుతుంది? ఇక్కడే ఉంది కిటుకు. పోలింగ్ పెట్టేది రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ వార్డులు గీసేది, ఏ వార్డు ఎవరికి రిజర్వు అన్నది తేల్చేది ప్రభుత్వం, అంటే మున్సిపల్ శాఖ. ఆ రెండూ చేతికి రాకుండా సంఘం నోటిఫికేషన్ ఇవ్వలేదు. ప్రభుత్వానికి ఎన్నికలు వద్దనిపిస్తే "వద్దు" అని నోరు తెరిచి అనక్కర్లేదు. వార్డుల ఫైలు కదలకపోతే చాలు. ఏ పార్టీ ప్రభుత్వమైనా అంతే, మీ ఊరికి కౌన్సిల్ లేని ఇన్నేళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కేసుకోండి.

ఈలోగా స్పెషలాఫీసర్ పాలన. కలెక్టరో, జాయింట్ కలెక్టరో ఆ కుర్చీలో ఉంటారు. వాళ్లకి జిల్లా అంతా పనే. ఊరి పనుల్లో మాట చెల్లేది ఎమ్మెల్యేది. మధ్యలో కార్పొరేటర్లు లేకపోవడం ఆయనకి తలనొప్పి తగ్గినట్టే. నన్నడిగితే కోర్టు కేసుల కన్నా పెద్ద కారణం ఇదే.

ఇక గీత సంగతి. వార్డు హద్దుల్ని నాలుగు దిక్కులా రాస్తారు: ఉత్తరం ఫలానా కాలువ, తూర్పు ఫలానా డోర్ నంబర్ నుంచి ఫలానా నంబర్ దాకా, అలా. వార్డుల మధ్య జనాభాలో పెద్ద తేడా ఉండకూడదు. లెక్క మాత్రం 2011 జనగణనది. అప్పుడు ఖాళీ లేఅవుట్‌గా ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచినా కాగితం మీద అక్కడ మనుషులు లేనట్టే.

ఎస్సీ, ఎస్టీ సీట్లు ఊరి జనాభాలో వాళ్ల వాటాని బట్టి ఎన్నో తేలతాయి. ఆ తర్వాత వాళ్ల శాతం ఎక్కువున్న వార్డుల నుంచి దిగువకి లెక్కపెట్టుకుంటూ వస్తారు. ఉదాహరణకి ఒక ఎస్సీ కాలనీ మొత్తం ఒకే వార్డులో ఉంటే ఆ వార్డు జాబితాలో పైకి వస్తుంది. ఆ కాలనీ మధ్యలో ఉన్న సీసీ రోడ్డునే హద్దు అని రాస్తే సగం ఇటు, సగం అటు. రెండు వార్డుల్లోనూ శాతం పడిపోతుంది. రిజర్వేషన్ ఇంకో చోటికి పోతుంది. పాత నాయకుడి సీటు జనరల్‌గా మిగులుతుంది. రిజర్వేషన్ జాబితాలో ఎవరూ వేలు పెట్టలేదు, గీత మాత్రమే పక్కకి జరిగింది. వార్డు హద్దుల డ్రాఫ్టు వచ్చిన రోజు నాయకులంతా టీపీ (టౌన్‌ప్లానింగ్) సెక్షన్ చుట్టూ ఎందుకు తిరుగుతారో అర్థమైందా?

గోరంట్ల_గుంటూరు జవాబు:

తమ్ముడూ, మీ బాధ మాకు తెలుసు. గుంటూరు కౌన్సిల్ కూడా 2010లోనే దిగిపోయింది. 2012లో మా గోరంట్లతో పాటు నల్లపాడు, పెదపలకలూరు, ఏటుకూరు, బుడంపాడు లాంటివి మొత్తం పది ఊళ్లు కార్పొరేషన్‌లో కలిపారు. మాకు సర్పంచ్ పోయాడు, కార్పొరేటర్ రాలేదు. టౌను వాళ్లకి కనీసం "మాజీ" అయినా ఉన్నాడు పలకరించడానికి, మాకు అదీ లేదు. మళ్లీ ఓటు వేసింది 2021 మార్చిలో, 57 డివిజన్లతో, అంటే వార్డులే.

విలీనం అంటే ఊళ్లో రెండు వర్గాలు తయారవుతాయి. స్థలం ఉన్నవాడికి కార్పొరేషన్ కావాలి, రేటు పెరుగుతుందని. ఉపాధి హామీ పనికి వెళ్లేవాడికి పంచాయతీ ఉండాలి, ఎందుకంటే అది పట్టణంలో లేదు. రెండో వర్గం కోర్టుకి వెళ్తుంది. నా దృష్టిలో వాళ్లది తప్పు కాదు. కేసు తేలేదాకా మిగతా ఊరంతటికీ ఎన్నిక ఆపడమే తప్పు. విశాఖ చూడండి, 2012 ఫిబ్రవరిలో గడువైపోయింది, తర్వాత అనకాపల్లి, భీమిలి కలిపారు, 72 వార్డులు 98 అయ్యి ఎన్నిక జరిగేసరికి 2021. అంత పెద్ద నగరానికి తొమ్మిదేళ్లు మేయర్ లేడు.

పొదుపుసంఘం_లక్ష్మి జవాబు:

అందరూ గీతల గురించి చెప్పారు, నేను పోటీ చేసే మనిషి వైపు నుంచి చెప్తా. ఆంధ్రాలో సగం సీట్లు ఆడవాళ్లవే కదా, మా వార్డు మహిళ అయితే నిలబడదామని సంఘం వాళ్లంతా అనుకున్నాం. నేను అప్పటికే అందరి రేషన్ కార్డులు, పింఛన్ల కాగితాలు మోసుకు తిరిగేదాన్ని. జాబితా వచ్చాక చూస్తే మాది బీసీ జనరల్, అంటే బీసీల్లో ఆడా మగా ఎవరైనా నిలబడొచ్చు. పక్క వీధి నుంచి మహిళ. మా ఇంటి గుమ్మంలో నిలబడితే ఆ వార్డు కనిపిస్తుంది!

పక్క వార్డులో నిలబడొచ్చు, ఓటరు జాబితాలో పేరు ఆ ఊళ్లో ఉంటే చాలు. కానీ "ఈవిడ మన వార్డు మనిషి కాదు" అన్న ఒక్క మాట చాలు ఓడించడానికి. నిలబడిన మా వదిన సంగతి ఇంకోటి. 2020 మార్చిలో నామినేషన్ వేసింది. 15న కరోనా అని ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వాయిదా వేశారు. తర్వాత ప్రభుత్వం ఆయన్ని దింపడం, కోర్టు తిరిగి కూర్చోబెట్టడం, అది ఊరంతా చూసిందే. చివరికి అదే నామినేషన్ మీద 2021 మార్చి 10న పోలింగ్. ఏడాది పాటు మా వదిన "అభ్యర్థి". పెళ్లి పిలుపొస్తే చదివింపులు ఎక్కువ రాయాలి, ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు నిలబడాలి. గాజులు తాకట్టుకి వెళ్లాయి. వాయిదా ఖర్చు డబ్బున్నోడికి తెలియదు, మాలాంటోళ్లకే తెలుస్తుంది.

నిజాంపేట_అన్న జవాబు:

తెలంగాణ సంగతి కూడా వినండి భాయ్. మాకు 2020 జనవరి 22న ఎలక్షన్ అయింది, 2025 జనవరిలో గడువు ముగిసింది, స్పెషలాఫీసర్లు వచ్చారు. బీసీలకు 42 శాతం అని 2025 సెప్టెంబర్‌లో స్థానిక సంస్థలకు జీవో ఇస్తే అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది. డిసెంబర్‌లో మా నిజాంపేట సహా 27 పురపాలికలు జీహెచ్ఎంసీలో, అంటే హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపి 150 వార్డుల్ని 300 చేశారు. ఇంత తొందర ఎందుకంటే జనగణన కోసం 2025 డిసెంబర్ 31 తర్వాత హద్దులు కదపొద్దని కేంద్రం చెప్పింది. అభ్యంతరాలకు ఇచ్చిన రోజులు చూస్తే నవ్వొచ్చింది, మా వార్డు ఏదో తెలుసుకునేసరికే సగం గడువు పోయింది.

అరసవల్లి_కుర్రోడు:

అందరికీ థాంక్స్. మాస్టారూ, ఒక్క డౌటు. గీత తప్పు అనిపిస్తే తర్వాత కోర్టుకి వెళ్లొచ్చా? మళ్లీ మున్సిపల్ ఎన్నికల మాట వినపడుతోంది, మా వీధి కుర్రాళ్లు కేసు వేద్దాం అంటున్నారు.

పాత_టౌన్‌ప్లానింగ్:

వద్దు బాబూ. 243జెడ్‌జీ అని ఇంకో అధికరణం ఉంది. వార్డుల విభజన, సీట్ల కేటాయింపు గురించి చేసిన చట్టం చెల్లుతుందా అని కోర్టులో ప్రశ్నించకూడదని అందులో రాసి ఉంది. నోటిఫికేషన్ వచ్చాక కోర్టులు సాధారణంగా ముట్టుకోవు. ముందు వేసిన కేసుతో స్టే వస్తే మీ వీధి గెలిచినట్టు అనిపిస్తుంది, ఊరు ఇంకో మూడేళ్లు ఆగుతుంది. ఆపాలనుకునేవాళ్లకి మీరే దారి వేసినట్టు.

డ్రాఫ్టు వచ్చాక అభ్యంతరాలకి కొన్ని రోజులే ఇస్తారు. పని అంతా అప్పుడే. నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి మీ వార్డుతో పాటు చుట్టూ ఉన్న వార్డుల హద్దులు కూడా ఫొటో తీసుకోండి. "అన్యాయం జరిగింది" అని రాస్తే చెత్తబుట్టలోకి పోతుంది. ఫలానా డోర్ నంబర్ నుంచి ఫలానా నంబర్ దాకా ఉన్న ఇళ్లు ఫలానా వార్డులో ఉండాలి, కలిపితే జనాభా ఇంత అవుతుంది, పరిమితి దాటదు అని రాయండి. మ్యాప్ మీద ఎర్ర పెన్నుతో గీసి జత చేయండి. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. మా సెక్షన్‌కి వచ్చిన కాగితాల్లో అలా లెక్కతో వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటికి మాత్రం కమిషనర్ దగ్గర సమాధానం రాయక తప్పేది కాదు.

మీ ఆవిడని కూడా కూర్చోబెట్టుకుని రాయండి, ఓటేసిన అనుభవం ఆవిడకే ఉంది.